ఇరవై ఏడో విమానం ఎడమ రెక్క

ఉదయం ఏడూ ఇరవైకి ఆమె తడిబట్టల బకెట్టుతో డాబా ఎక్కుతుంది. ఏడూ ఇరవై రెండుకో, ఎదురుగాలి ఉంటే ఏడూ ఇరవై అయిదుకో రెండు సీట్ల చిన్న విమానమొకటి నీళ్ల ట్యాంకు మీదుగా ఎడమకు వాలి వెళ్తుంది. అది కనుమరుగయ్యాకే మొదటి బట్ట తీగ మీద పడుతుంది.

"మీ ఇంట్లో గడియారం దండగండీ," అంటుంది పక్క డాబా మీద మొక్కలకు నీళ్లు పోసే ఆవిడ.

"గడియారానికి కీ ఇవ్వాలి. దీనికి అక్కర్లేదు," అంటుంది ఈమె.

ఆమె వయసు అరవై మూడు. సన్నటి మనిషి. చేతులు ఇంకా సన్నం, పన్నెండేళ్ల పిల్ల గాజులు పడతాయి. ఒకప్పుడు విమానాలు తయారుచేసే కంపెనీలో ఆమెను అందరూ లోపలమ్మ అనేవారు. విమానం లోపలివైపు ఆమె పని, బయటివైపు ఆమె భర్త పని. పైన వెళ్లే ఆ విమానం రెక్కల్లో రేకులను బిగించే ప్రతి రివెట్టు ఒక చివర ఆయన గాలిగన్ను దెబ్బ తిన్నది, రెండో చివర ఆమె పట్టిన ఇనుప దిమ్మెకు ఆనుకుని అణిగింది. ఆ కంపెనీ తన జీవితకాలంలో చేసినవి నలభై ఒక్క విమానాలు. ఇది ఇరవై ఏడోది. ఈ ఊళ్లో ఇంకా ఎగురుతున్నది ఇదొక్కటే.

కంపెనీకి కాగితాల మీద పొడుగాటి పేరుండేది. పనివాళ్లు మాత్రం ఎప్పుడూ షెడ్డు అనే అన్నారు. నలభై ఎనిమిదేళ్ల కిందట అది బస్సులకు బాడీలు కట్టే షెడ్డు. యజమానిని పెద్దమేస్త్రి అనేవారు. వేలి కణుపుతో రేకు మీద కొట్టి దాని మందం చెప్పేవాడట. ఒకరోజు పైలట్లకు శిక్షణ ఇచ్చే బడివాళ్లు తోక నలిగిన విమానాన్ని లారీ మీద వేసుకొచ్చి, సొట్ట తీసిపెట్టమన్నారు. సొట్ట తీయడానికి రెండు రోజులు చాలు. పెద్దమేస్త్రి మూడు వారాలు ఉంచుకున్నాడు. లోపల టార్చిలైటు వేసి చూశాడు, కొలిచాడు, బొమ్మలు గీసుకున్నాడు. తిరిగి ఇచ్చేటప్పుడు పనివాళ్లతో అన్నమాట ఇది: "ఇది మన బస్సేరా. కాకపోతే ఎక్కడా ఒక్క గ్రాము దండగ లేదు."

ఆ ఒక్క గ్రాము దగ్గరే నాలుగేళ్లు పోయాయి. మొదటి విమానం ఉండాల్సిన దానికన్నా అరవై కిలోలు ఎక్కువ తూగింది. పరుగుబాట ఈ చివర నుంచి ఆ చివరదాకా పరిగెత్తి, కంచె ముందు ఆగి, మర్యాదగా వెనక్కి తిరిగి వచ్చింది. "రెక్కలు కట్టారు సరే, కండక్టరు గంట కొట్టలేదేమో," అని ఊరంతా నవ్వారు. పెద్దమేస్త్రి షెడ్డు గుమ్మంలో తరాజు పెట్టించాడు. బోల్టయినా, మేకు అయినా, గుడ్డముక్కయినా తూచకుండా లోపలికి పోకూడదు. నాలుగో ఏడు చివర్న విమానం లేచింది. పదకొండు నిమిషాలు గాల్లో ఉంది. ఆ పదకొండు నిమిషాలూ ఆయన ఆకాశం చూడలేదని, తరాజు పక్కన కూర్చుని తన చెప్పుల వంకే చూశాడని గేటు కాపలా కాసే తాత చెప్పేవాడు. గేటు తాత చెప్పినవన్నీ నమ్మనక్కర్లేదు గానీ ఈ సంగతికి సాక్షులున్నారు.

పెన్సిలు సంగతి ఆ తర్వాతది. బస్సు బాడీలు కట్టేవాడికి చెవి మీద పెన్సిలు లేకపోతే చెవి లేనట్టే. అదే అలవాటుతో రెండో విమానం రేకుల మీద కూడా పెన్సిలుతోనే గీతలు గీశారు. ఒక వానాకాలం గడిచాక తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టరు రెక్క విప్పించాడు. గీతలున్న ప్రతిచోటా తెల్లటి పొడి, పొడి కింద సూదితో పొడిచినట్టు గుంటలు. పెన్సిలు ముల్లు నల్లపొడి అల్యూమినియానికి అంటుకుని ఉండి, దానికి తేమ తగిలితే రేకును కొద్దికొద్దిగా తినేస్తుందని, బస్సులో అయితే తుప్పు, విమానంలో అయితే పగులు అని ఆయన చెప్పాడు. పెద్దమేస్త్రి ఆ రెక్క మొత్తం తీయించి పారేశాడు. అందులోంచి ఒక రేకుముక్క కత్తిరించి గేటుకు వేలాడదీశాడు. దాని కింద బిస్కెట్ల డబ్బా పెట్టి, లోపలికి వచ్చే ప్రతివాడి దగ్గరున్న పెన్సిలు అందులో వేయించమని గేటు తాతకు పని అప్పజెప్పాడు. గుర్తులు పెట్టుకోవడానికి నల్ల స్కెచ్ పెన్నులిచ్చారు. గేటు తాత చెవులు చూసేవాడు, జేబులు తడిమేవాడు, టోపీ తీయించేవాడు. ఓసారి పెద్దమేస్త్రి చెవి మీదే దొరికిందట. "మీకో న్యాయం, మాకో న్యాయమా, వెయ్యండి," అన్నాడట తాత. వేశాడు.

లోపలమ్మ షెడ్డుకు వచ్చింది నలభై ఏళ్ల కిందట, ఇరవై మూడేళ్ల వయసులో. గేటు పక్కన ఒక రేకు నిలబెట్టి, దానికి కోడిగుడ్డు ఆకారంలో రంధ్రం చేశారు. అందులోకి మోచేయి దాటి చెయ్యి దూరి, లోపల మడత పడి, అవతల ఉంచిన బోల్టును తీయగలిగితే ఉద్యోగం. ఆ రోజు వచ్చినవాళ్లు పద్నాలుగు మంది. పదముగ్గురు మోచేయి గీరుకుని వెళ్లిపోయారు. ఈమె బోల్టు తీసి, మళ్లీ పెట్టి, "ఇంకేమన్నా ఉందా?" అని అడిగింది.

ఆమెను గన్ను పనివాడికి జోడీగా వేశారు. అతనికి ముప్పై ఏళ్లు, మాట తక్కువ. షెడ్డులో కుర్రాళ్లు గన్ను బాబాయి అనేవారు. రివెట్టు పని ఇద్దరు చేసేది. బయట ఒకరు గాలిగన్నుతో కొడతారు, లోపల ఒకరు దిమ్మె ఆనించి పట్టుకుంటారు. కొట్టేవాడికి లోపలివైపు ఎలా పడిందో కనిపించదు. ఆ చప్పుడులో కేక వేసినా వినిపించదు. అందుకని లోపలివాళ్లు దిమ్మెతో రేకు మీద తడతారు, బయటివాడు ఎడమ అరచెయ్యి రేకుకు ఆనించి ఆ తట్టు పట్టుకుంటాడు. ఒక తట్టు అంటే సరిగ్గా పడింది, తర్వాతది కొట్టు. రెండు తట్లంటే ఇంకోసారి కొట్టు. మూడు తట్లంటే పాడైంది, తీసెయ్.

వాళ్ల పెళ్లి గురించి షెడ్డులో ఒక కథ ఉండేది. ఆయన రేకు మీద రెండుసార్లు తట్టి అడిగాడని, ఆమె లోపలినుంచి ఒక తట్టు తట్టిందని. "అదంతా గేటు తాత అల్లింది," అంటుంది ఆమె. "మా మేనమామ వచ్చి మాట్లాడాడు. ఈయనేమో మాట్లాడినంతసేపూ గోడ చూశాడు."

పదమూడేళ్లు పనిచేసింది. ఆ పదమూడేళ్లూ కంపెనీ రిజిస్టరులో ఆయన పేరు పక్కన రివెటర్ అని, ఆమె పేరు పక్కన సహాయకురాలు అని ఉంది. ఒకసారి అడిగింది. కొట్టేవాడే రివెటర్ అని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. "మరి నేను దిమ్మె తీసేస్తే ఆయన ఏం కొడతాడు, గాలినా?" అంది. గుమాస్తా నవ్వాడు. రిజిస్టరు మారలేదు.

ఇరవై ఏడో విమానం ముప్పై ఒక్క ఏళ్ల కిందటిది. అప్పటిదాకా ఏడాదికి రెండు, మహా అయితే మూడు విమానాలు చేసిన షెడ్డుకు ఒకేసారి ముప్పై విమానాల ఆర్డరు వచ్చింది. మనుషులు ఎనభై నాలుగు మంది అయ్యారు. ఆ ఆర్డరులో మొదటిది ఇరవై ఏడోది. దాని రెక్క మూస్తుండగా చూడాలని కొనేవాళ్లు స్వయంగా వచ్చి ఆఫీసు గదిలో కూర్చున్నారు.

ఆ ఉదయం ఇంట్లో ఏడేళ్ల కూతురికి డ్రాయింగు పెన్సిలు చెక్కి, చెయ్యి ఖాళీ లేక జుట్టు ముడిలో గుచ్చుకుని, బస్సు వచ్చిందని అలాగే పరిగెత్తింది లోపలమ్మ. గేటు తాత జేబులు చూశాడు, చెవులు చూశాడు. ఆడమనిషి ముడి విప్పించాలన్న ఆలోచన ఆయనకెప్పుడూ రాలేదు. ఆమెకైతే తలలో పెన్సిలున్న సంగతే గుర్తులేదు.

రెక్క లోపల పొడవునా ఒక దూలం ఉంటుంది. దానికి అడ్డంగా పక్కటెముకలుంటాయి. వాటి మధ్య గదులు పద్నాలుగు. ఒక్కో గది పూర్తికాగానే దూలం మీద ఒక గీత గీయాలి. ఇనస్పెక్టరు అద్దం లోపలికి పెట్టి గీతలు లెక్కపెడతాడు, గీత లేని గది మళ్లీ చూస్తాడు. ఆ రోజు ఆమె మొదటి గది ముగించి పెన్ను తీస్తే రాయలేదు. విదిలించింది, ఊదింది, నాలుకకు రాసింది. కొత్త పెన్ను ఇవ్వాల్సిన స్టోరు మామ తాళం వేసుకుని బావమరిది ఇంటికి భోజనానికి పోయాడు. తల, భుజాలు రెక్క లోపల ఉన్నాయి. చెమటకు ముడి జారింది, పెన్సిలు వచ్చి చేతిలో పడింది.

"దేవుడిచ్చినట్టే అనిపించింది," అంటుంది. "గీసి, ఇనస్పెక్టరు చూసి వెళ్లగానే స్పిరిట్ గుడ్డతో తుడిచేద్దామనుకున్నా. తుడిచేస్తే పోతుంది. తుడవకపోతేనే గొడవ."

పద్నాలుగు గీతలు గీసింది. అద్దంలో నల్ల ఇంకుకూ పెన్సిలుకూ తేడా తెలియదు. ఇనస్పెక్టరు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె స్పిరిట్ కోసం స్టోరుకు వెళ్లి ఇంకా తీయని తాళం ముందు పావుగంట నిలబడింది. తిరిగొచ్చేసరికి ఆఖరి రేకు రెక్క మీద ఎక్కించేశారు. పెద్దమేస్త్రి చేతిగడియారం చూసుకుంటున్నాడు. కొనేవాళ్లు గదిలోంచి బయటికొచ్చి వరుసగా నిలబడ్డారు. గన్ను బాబాయి, "ఎక్కడికెళ్లావ్? రా, రా," అన్నాడు. ఆమె చేతి రంధ్రంలోంచి చెయ్యి లోపలికి పెట్టింది. ఆయన కొట్టాడు.

ఆమె ఒక తట్టు తట్టింది.

దానితో కలిపి పదిహేను విమానాలిచ్చాక కొనేవాళ్లు మనసు మార్చుకుని, బయటి దేశంలో రెడీగా దొరికేవి కొనుక్కున్నారు. మిగతా పదిహేనింటికి తెప్పించిన రేకు షెడ్డులోనే ఉండిపోయింది. మరుసటి ఏడాది మూసేశారు. ఆఖరి రోజున పెద్దమేస్త్రి గేటు దగ్గరి డబ్బా బోర్లించి పెన్సిళ్లు లెక్కపెట్టాడు. రెండు వందల ముప్పై. అందరికీ తలా కొన్ని పంచి, పిల్లలకిమ్మన్నాడు. లోపలమ్మ తీసుకోలేదు. మా పిల్లకున్నాయి అంది. షెడ్డు ఇప్పుడు సోఫాల గోడౌను. తరాజు అక్కడే ఉంది, సోఫాలు తూచే అవసరం ఎవరికీ లేదు.

ఇరవై ఏడో విమానం చేతులు మారి మారి ఈ ఊరి ఫ్లయింగ్ క్లబ్బుకు చేరింది. పదహారేళ్లుగా రోజూ ఉదయం ఒక విద్యార్థినీ ఒక గురువునూ ఎక్కించుకుని నీళ్ల ట్యాంకు మీదుగా పోతోంది. ఆ ఇల్లు ఆమె కావాలని ఎంచుకున్నది కాదు. అంతకు ముందే కట్టుకున్నారు. మొదట్లో ఆ చప్పుడు వినగానే ఇంట్లోకి వెళ్లి రేడియో పెట్టేది. తర్వాత డాబా ఎక్కడం మొదలైంది. ఎడమకు వాలినప్పుడు ఎడమ రెక్క కిందికి వస్తుంది, బాగా కనిపిస్తుంది.

గన్ను బాబాయికి ఇప్పుడు డెబ్భై. గన్ను చప్పుడు ఆయన చెవులు రెండూ తీసుకుపోయింది. ఇంట్లో సగం సంభాషణ బల్ల మీద తట్లతోనే సాగుతుంది. టీ బాగుంటే ఒకటి. ఇంకాస్త కావాలంటే రెండు. రెండేళ్ల కిందట ఆమె కొత్త రకం పొడితో టీ పెట్టినప్పుడు మూడు పడ్డాయి. నలభై ఒక్క విమానాల్లో తమ చేతి రివెట్టు ఒక్కటి కూడా బాగోలేదని తిరిగి రాలేదన్నది ఆయనకున్న ఒకే ఒక గొప్ప. అల్లుడికి చెప్పాడు, పాలవాడికి చెప్పాడు, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడికి కూడా చెప్పాడు.

నాలుగు నెలల కిందట ఒక మంగళవారం క్లబ్బు ఇంజనీరు వాళ్లింటికి వచ్చింది. ముప్పై దాటని అమ్మాయి. ఒక చేతిలో హెల్మెట్టు, ఇంకో చేతిలో ఫైలు. ఇరవై ఏడో విమానానికి ఇంకో పదేళ్లు ఎగరడానికి అనుమతి కావాలి. గీసిన బొమ్మలు, రికార్డులు షెడ్డు మూసినప్పుడు చాలావరకు పోయాయి. రెక్కలు విప్పి చూడొచ్చు గానీ విప్పితే మళ్లీ అంత శుభ్రంగా మూసేవాళ్లు దొరకరు. అందుకని బయటి పరీక్షలతో పాటు, కట్టినవాళ్ల వాంగ్మూలం జతచేద్దామని ఇంజనీరు ఆలోచన.

"దీని లోపల ఏముందో తెలిసినవాళ్లు మీరిద్దరే మిగిలారమ్మా," అంది. "పద్ధతికి తేడాగా ఏదన్నా జరిగిందా? చిన్నదైనా సరే."

బాబాయికి వినిపించలేదు గానీ ప్రశ్న అర్థమైంది. "మా రివెట్టు ఒక్కటి తిరిగి రాలేదు!" అన్నాడు గట్టిగా.

"ఏం లేదమ్మా," అంది లోపలమ్మ.

ఇంజనీరు కాగితం ఇచ్చింది. ఇద్దరూ సంతకం పెట్టారు.

తర్వాతి తొమ్మిది రోజులూ ఆమె బట్టలు వరండాలో ఆరేసింది. పక్క డాబా ఆవిడ గోడ మీదుగా, "ఒంట్లో బాగోలేదా వదినా?" అని అడిగితే, "మోకాళ్లు," అంది. ఏడూ ఇరవై రెండుకు చప్పుడు ఎలాగూ వినిపిస్తుంది. వరండా రేకు సన్నగా అదురుతుంది. పైన కూర్చున్న విద్యార్థి ఎవరో ఆమెకు తెలియదు. ఎవరి పిల్లో అని మాత్రం అనిపించేది. నిజం చెబితే విమానం నేల మీదే ఉండిపోతుంది. క్లబ్బుకు ఉన్నవి రెండే, రెండోది రిపేరులో ఉంది. ఈయన గొప్ప పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు, గేటుకు వేలాడిన రేకుముక్క గుర్తుంది.

పదో రోజు ఉదయం బాబాయి టీ తాగుతుండగా ఎదురుగా కూర్చుని, చెంచాతో బల్ల మీద తట్టింది. మూడుసార్లు.

ఆయన గ్లాసు వంక చూశాడు. "బానే ఉందే. చక్కెర కూడా సరిపోయింది."

మళ్లీ మూడు తట్టింది.

"ఏంటే? పాలు విరిగాయా?"

చెవిటి మొగుడికి రహస్యం చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసిందంటుంది. అరిస్తే వీధంతా వింటుంది. చివరికి గోడ క్యాలెండరులో పోయిన నెల కాగితం చింపి, వెనకవైపు రాసింది. 27. ఎడమ. దూలం. పెన్సిలు. రాయడానికి దొరికింది కూడా పెన్సిలే.

ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చదివాడు, దగ్గరికి తెచ్చి చదివాడు. టీ పూర్తిచేయలేదు. లేచి పెరట్లోకి వెళ్లి పంపు కింద కాళ్లు కడుక్కున్నాడు. అంతకుముందే కడుక్కున్న కాళ్లు. వచ్చి అడిగింది ఒకే ప్రశ్న.

"నువ్వు ఒకటి తట్టావు కదా?"

ఆమె తల ఊపింది.

"నేను చేత్తో పట్టుకున్నాను ఆ తట్టు," అన్నాడు. మధ్యాహ్నం దాకా గోడ చూశాడు. పెళ్లిచూపుల నాటి గోడ చూపు మళ్లీ అప్పుడే చూశానంటుంది ఆమె. సాయంత్రం నాలుగింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి, "పద. క్లబ్బు అయిదింటికి మూసేస్తారు," అన్నాడు.

ఆటో ఎక్కేముందు కూతురికి ఫోన్ చేసింది. కూతురికి ముప్పై ఎనిమిది, కళ్లజోళ్ల షాపు నడుపుతుంది. అంతా విని ఆ పిల్ల అన్నదిది: "అంటే నా పెన్సిలు నువ్వు పట్టుకుపోయావా? ఆ రోజు నన్ను డ్రాయింగు టీచరు పీరియడంతా బయట నిలబెట్టింది. నేను నాన్న తీశాడనుకున్నానే ఇన్నాళ్లూ!"

"నీ గొడవ తర్వాత," అంది తల్లి.

ఇంజనీరు వాళ్లిద్దరినీ విమానాలు నిలిపే హ్యాంగరులో ఒక చెక్కపెట్టె మీద కూర్చోబెట్టి వింది. మధ్యలో ఆపలేదు. విన్నాక ఫైలు తీసి, సంతకం పెట్టిన కాగితం బయటికి లాగి రెండుగా చింపింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి, మర్నాటి శిక్షణ పట్టికలో ఇరవై ఏడో విమానం ఎదురుగా అడ్డగీత పెట్టింది.

"మొన్ననే చెప్పొచ్చుగా అమ్మా?"

"మొన్న ఆయన పక్కనే ఉన్నాడు."

"ఇవాళ కూడా ఉన్నారుగా?"

"ఇవాళ ఆయనకు తెలుసు," అంది లోపలమ్మ.

విమానం మరమ్మతుల లాగ్‌బుక్కులో రాయాల్సి వచ్చింది. కారణం అన్నచోట ఇంజనీరు రాస్తూ, రాసింది రాసినట్టు పైకి చదివింది. నిర్మాణ సమయంలో సహాయకురాలు ఎడమ రెక్క దూలంపై పెన్సిలు వాడినట్లు...

"ఆగండి," అంది లోపలమ్మ. "సహాయకురాలు కొట్టేయండి."

"మరేం రాయమంటారు?"

"రివెటర్ అని రాయండి. మంచి పని చేసినప్పుడు ఎలాగూ రాయలేదు. తప్పు రాసేటప్పుడైనా సరిగ్గా రాయండి."

ఇంజనీరు బాబాయి వంక చూసింది. ఆయనకు వినిపించలేదు. పుస్తకం ఆయన ముందుకు తిప్పి, ఆ మాట మీద వేలు పెట్టి చూపించింది. ఆయన చదివి, బల్ల మీద ఒకసారి తట్టాడు. ఆ తట్టుకు అర్థం ఇంజనీరుకు అప్పటికి తెలియదు. లోపలమ్మ, "రాయమంటున్నాడు," అని చెప్పింది.

ముందు సన్నటి గొట్టం కెమెరా లోపలికి పంపారు. మూడో గదిలో తెల్లటి పొడి కనిపించింది. ఇక విప్పక తప్పలేదు. రివెట్ల తలలు ఒక్కొక్కటీ డ్రిల్లుతో తీసి రేకు ఎత్తడానికి నాలుగు రోజులు పట్టింది. దంపతులిద్దరూ నాలుగు రోజులూ వచ్చి పెట్టె మీద కూర్చున్నారు. రేకు లేచాక ఇంజనీరు పిలిచింది. లోపలమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. పద్నాలుగు గీతలూ ఉన్నాయి. తన చెయ్యే. గీత ఒకవైపు ఎప్పుడూ కొంచెం కిందికి దిగుతుంది. పది గదుల్లో గీత గీతలాగే ఉంది, గుడ్డతో తుడిస్తే పోయింది. నాలుగింటిలో పొడి కట్టింది. ఆ నాలుగింటిలో మూడు పైపైన గీకితే సరిపోయాయి. ఒకటి, మూడో గదిలోది, దూలం మందంలో మూడో వంతు లోతుకు దిగింది.

"పగులు?" అంది లోపలమ్మ.

"ఇంకా లేదు." ఇంజనీరు టార్చి ఆర్పింది. "ఇంకెన్నాళ్లు అని మాత్రం అడక్కండి."



దూలానికి అతుకు ముక్క కొత్తగా తయారుచేయించి తెప్పించడానికి ఆరు వారాలు పట్టింది. అనుమతి కాగితాలకు ఇంకో నెల. అతుకు వేసి రేకు మూయాలి. క్లబ్బు మెకానిక్కులు ఇద్దరు. ఇద్దరూ మంచి పనివాళ్లే, ఇద్దరివీ గోడలు మోసే చేతులు. చేతి రంధ్రంలో మణికట్టు దాకా వెళ్లి ఆగిపోయాయి. పెద్ద మెకానిక్కు చెయ్యి ఇరుక్కుని, సబ్బునీళ్లు పోసి బయటికి లాగారు. "ఏం నాయనా, బాగా తింటున్నావా?" అని బాబాయి అడిగాడు. పదో రోజు ఉదయం తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అదేనంటుంది ఆమె.

ఇంజనీరు లోపలమ్మ చేతుల వంక చూసింది. నియమాలు వెతికింది. తన కళ్లముందు, తన సంతకం కింద అయితే ఇబ్బంది లేదని తేల్చుకుంది. ముందు పాత రేకుముక్క మీద ఇరవై రివెట్లు కొట్టించి కొలిచింది. పదహారు బాగున్నాయి. మర్నాడు మళ్లీ ఇరవై కొట్టించింది. ఇరవయ్యీ బాగున్నాయి.

అసలు పని పోయిన నెలలో ఒక సోమవారం మొదలైంది. హ్యాంగరు గుమ్మంలో ఇంజనీరే నిలబడి, వచ్చిన ప్రతివాళ్ల జేబులూ చూసింది. లోపలమ్మ అడక్కముందే జుట్టు ముడి విప్పి, విదిలించి చూపించి, మళ్లీ చుట్టుకుంది. నేల మీద పరుపు వేశారు. ఆమె రెక్క కింద వెల్లకిలా పడుకుని చెయ్యి లోపలికి పంపింది. బాబాయి గన్ను అందుకుని బరువు చూసుకున్నాడు. ఎడమ అరచెయ్యి రేకుకు ఆనించాడు. చెవులు వినబడకపోవడం ఈ పనికి అడ్డు కాదు, అప్పుడూ వినబడేది లేదు.

మొదటి రివెట్టు కొట్టాడు. కాసేపు ఏమీ రాలేదు. ఆమె లోపల వేలితో తడిమి చూస్తోంది. ఆయన కదలకుండా నిలబడ్డాడు.

మూడు తట్లు వచ్చాయి.

ఆయన గన్ను దించి, డ్రిల్లు అందుకున్నాడు. తీసేశాడు. కొత్తది పెట్టి కొట్టాడు. ఒక తట్టు వచ్చింది.

బుధవారం సాయంత్రానికి రెక్క మూశారు. మొత్తం రెండు వందల పన్నెండు రివెట్లు. మొదటిసారికే కుదిరినవి రెండు వందల అయిదు. మూడు తట్లు పడి, తీసి మళ్లీ కొట్టినవి ఏడు.